లావెక్కిన పిల్లి బరువు తగ్గాలంటే: బెంగళూరు తెలుగు ఇళ్ళలో తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వైపు ఫ్లాట్లలో పిల్లిని పెంచుకుంటున్న తెలుగువాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. నెట్ కట్టిన బాల్కనీ దాటి బయటికి వెళ్ళని పిల్లులే వాళ్ళ దగ్గర ఎక్కువ. దాదాపు ప్రతి ఇంట్లోనూ నాకు కనిపించేది ఒకటే: పిల్లి రోజుకి మొత్తం ఎంత తింటోందో ఇంట్లో ఏ ఒక్కరికీ తెలియదు. అందుకే ఈ జవాబుల్లో తిండి మార్చడం కంటే తిండి తూచడం గురించే ఎక్కువ ఉంటుంది. నేను డాక్టర్‌ని కాదు. పరీక్షలు, మందుల సంగతి మీ వెటర్నరీ డాక్టర్ గారే చెప్పాలి.

మా పిల్లి నిజంగా లావుగా ఉందా, బొచ్చు వల్ల అలా కనిపిస్తోందా?

కంటితో చూసి చెప్పడం కష్టం, పర్షియన్ పిల్లుల్లో అయితే మరీను. చేత్తో తడిమి చూడాలి. పిల్లి నిలబడి ఉన్నప్పుడు రెండు చేతులూ దాని పక్కల మీద ఆనించి, గట్టిగా నొక్కకుండా నిమరండి. పక్కటెముకలు ఒక్కొక్కటీ వేళ్ళకి తెలియాలి. మీ చెయ్యి చాచి వెనకవైపు వేళ్ళతో రాసుకుంటే ఎముకలు ఎలా తగులుతాయో, పిల్లి పక్కటెముకలు అలా తగిలితే బరువు సరిగ్గా ఉన్నట్టు. అరచేతి వైపు రాసుకున్నట్టు మెత్తగా ఉండి, ఎముకను వెతుక్కోవాల్సి వస్తే బరువు ఎక్కువే.

తర్వాత పైనుంచి చూడండి. పక్కటెముకలు అయిపోయిన చోట నడుము కాస్త లోపలికి రావాలి. నడుమే తెలియకుండా ఒంటి చుట్టూ గుండ్రంగా ఉంటే తగ్గించాల్సిందే. పొట్ట కింద వేలాడే తోలు సంచి చూసి మాత్రం కంగారు పడకండి. సన్నటి పిల్లులకి కూడా అది ఉంటుంది, నడుస్తుంటే అటూ ఇటూ ఊగుతుంది. ఆ సంచి లోపల కొవ్వు నిండి బరువుగా ఉంటేనే ఆలోచించాలి.

డాక్టర్లు 1 నుంచి 9 వరకు స్కోరు వేస్తారు. 5 ఉంటే సరైన బరువు. 6, 7 అంటే ఎక్కువ. 8, 9 అంటే ఊబకాయం. 5 దాటిన ఒక్కో అంకెకీ, ఉండాల్సిన బరువు కంటే 10 నుంచి 15 శాతం ఎక్కువని లెక్క. ఈ స్కోరు డాక్టర్ గారి చేతే ఒకసారి వేయించుకోండి, తర్వాత చేసే లెక్కలన్నిటికీ అదే ఆధారం.

బొద్దుగా ఉంటే ముద్దుగానే ఉంటుంది కదా, ఎందుకు తగ్గించాలి?

ముద్దుగా ఉంటుంది, కాదనను. కానీ లావైన పిల్లికి షుగర్ వచ్చే ప్రమాదం మామూలు పిల్లి కంటే చాలా ఎక్కువ. కీళ్ళ మీద భారం పడి నొప్పులు వస్తాయి. పిల్లి కుంటదు, అరవదు. సోఫా మీదికి దూకడం మానేస్తుంది, అంతే. మనం దాన్ని బద్ధకం అనుకుంటాం. నడుము, తోక దగ్గర నాలుక అందక నాక్కోలేదు, అక్కడ బొచ్చు ఉండలు కడుతుంది, చర్మం పాడవుతుంది. ఆపరేషన్ అవసరమై మత్తు ఇవ్వాల్సి వస్తే రిస్క్ పెరుగుతుంది. పిల్లి తన బాధ చెప్పుకోలేదు కాబట్టి ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ.

ఆపరేషన్ చేయించాకే లావైంది. చేయించకుండా ఉండాల్సిందా?

చేయించి మంచి పనే చేశారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాక పిల్లి ఒంటికి కావాల్సిన శక్తి సుమారు 20 నుంచి 30 శాతం తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. గిన్నెలో పడేది మాత్రం పాత లెక్కే. లావు అక్కడినుంచే మొదలవుతుంది. ఆపరేషన్ అయిన రెండు మూడు వారాల్లోనే తిండి తూచి పెట్టడం మొదలుపెట్టిన ఇళ్ళలో ఈ సమస్య పెద్దగా రాదు. ఇప్పటికే వచ్చేసి ఉంటే, కింద చెప్పిన పద్ధతిలో నెమ్మదిగా దింపవచ్చు.

నేరుగా తిండి తగ్గించవచ్చా, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా?

ముందు డాక్టర్ దగ్గరికే. పొట్ట పెద్దదైన ప్రతి పిల్లీ లావైనట్టు కాదు. కడుపులో నీరు చేరినా, ఆడపిల్లి కడుపుతో ఉన్నా పైకి అలాగే కనిపిస్తుంది. చర్మ సమస్యకి స్టెరాయిడ్ వాడుతుంటే దానివల్ల కూడా ఆకలి, బరువు పెరుగుతాయి. నీళ్ళు బాగా ఎక్కువ తాగుతూ, లిట్టర్ బాక్స్‌లో మూత్రంతో కట్టే ఉండలు పెద్దవిగా పడుతుంటే షుగర్ పరీక్ష చేయించాలి. ఇప్పటికే ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లికైతే మీ అంతట మీరు తిండి ఒక్క గ్రాము కూడా మార్చవద్దు. తిండి తగ్గి ఇన్సులిన్ డోసు అంతే ఉంటే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

దగ్గర్లో మంచి క్లినిక్ తెలియకపోతే హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. వెళ్ళేటప్పుడు పిల్లి తినే ప్రతి ప్యాకెట్‌కీ వెనకవైపు ఫోటో తీసుకెళ్ళండి. "ఏదో బ్లూ కలర్ ప్యాకెట్ అండీ" అంటే డాక్టర్ గారు మాత్రం ఏం లెక్క కట్టగలరు?

ఏడాది నిండని పిల్లకి, పాలిచ్చే తల్లికి, కడుపుతో ఉన్నదానికి బరువు తగ్గించే ఆలోచనే చేయకూడదు.

సరే, రోజుకి ఎంత పెట్టాలి?

మొదటి వారం ఏమీ తగ్గించవద్దు. వంటింట్లో వాడే డిజిటల్ కాటా ఒకటి కొనండి, గ్రాములు చూపించేది. రోజూ పొద్దున ఒక డబ్బాలో తూచిన తిండి పోసి, ఆ రోజంతా పిల్లికి అందులోంచే పెట్టండి. రాత్రి మిగిలింది తూచి తీసేయండి. పాలు, చికెన్ ముక్క, ట్రీట్లు, ఏది నోట్లోకి వెళ్ళినా కాగితం మీద రాయండి. వారం తర్వాత ఆ కాగితం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు లెక్క. డాక్టర్లు వాడే సూత్రంలో ముందు పిల్లి ఉండాల్సిన బరువు తీసుకుంటారు, ఇప్పుడున్న బరువు కాదు. ఆ బరువుకి విశ్రాంతిగా ఉన్నప్పుడు కావాల్సిన శక్తి కట్టి, అందులో 80 శాతం ఇస్తారు. ఉండాల్సిన బరువు 3.5 కిలోలైతే రోజుకి సుమారు 140 కేలరీలు. 4 కిలోలకి 160, 4.5 కిలోలకి 175, 5 కిలోలకి 185, 5.5 కిలోలకి 200. ప్యాకెట్ల మీద కిలో కేలరీలు అని ఉంటుంది, రోజువారీ మాటల్లో మనం కేలరీ అనేది దాన్నే.

ఒక ఉదాహరణ చూద్దాం. మగ పిల్లి, 6.5 కిలోలు, స్కోరు 8. అంటే సుమారు 30 శాతం ఎక్కువ, కాబట్టి ఉండాల్సింది 5 కిలోలు. రోజు కోటా 185 కేలరీలు. మీ డ్రై ఫుడ్ 100 గ్రాములకి 350 కేలరీలు ఇస్తే రోజు మొత్తానికి 53 గ్రాములు. అదే 65 కేలరీల వెట్ ఫుడ్ పౌచ్ ఒకటి పెడితే, మిగిలిన 120 కేలరీలకి డ్రై ఫుడ్ 34 గ్రాములు చాలు.

ఇప్పుడు తింటున్నది ఈ అంకె కంటే బాగా ఎక్కువ ఉంటే ఒక్కసారిగా కిందికి దింపకండి. వారానికి 10 శాతం చొప్పున తగ్గించుకుంటూ రండి. ఈ అంకె కంటే కిందికి మాత్రం డాక్టర్ గారు చెబితే తప్ప వెళ్ళవద్దు. మామూలు తిండినే మరీ తక్కువ పెడితే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది, విటమిన్లు చాలవు. బరువు తగ్గడానికి డాక్టర్లు రాసే ప్రత్యేక ఫుడ్‌లో తక్కువ కేలరీల్లోనే ప్రొటీన్, పోషకాలు సరిపడా ఉంటాయి. బాగా లావైన పిల్లికి ఖర్చైనా అదే మేలు.

గ్రాములెందుకు? ప్యాకెట్‌తో వచ్చిన కప్పు ఉంది కదా.

కప్పు నమ్మదగ్గది కాదు. ఒకే మనిషి ఒకే కప్పుతో పోసినా రోజుకొక తూకం వస్తుంది. 10 గ్రాములు ఎక్కువ పడితే 35 కేలరీలు. 4 కిలోలు ఉండాల్సిన పిల్లికి రోజు కోటాలో అది ఐదో వంతు. మనకి గుప్పెడు కూడా కాని ఆ కాసిన్ని గింజలే పిల్లి బరువును ఆపేస్తాయి. కాటా లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దనే చెబుతాను.

మా ప్యాకెట్ మీద కేలరీలు రాయలేదు. ఎలా తెలుసుకోవాలి?

మన దగ్గర దొరికే చాలా ప్యాకెట్ల మీద రాయరు. కానీ ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ శాతాలు ఉంటాయి. వాటితో ఇంట్లోనే కట్టుకోవచ్చు. 100లోంచి ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద (అంటే ఖనిజాలు) శాతాలు తీసేస్తే మిగిలేది పిండి పదార్థం. బూడిద శాతం రాయకపోతే డ్రై ఫుడ్‌కి 8 అనుకోండి. తర్వాత ప్రొటీన్‌ని 3.5తో, కొవ్వుని 8.5తో, పిండి పదార్థాన్ని 3.5తో హెచ్చించి మూడూ కలపాలి.

ప్రొటీన్ 32, కొవ్వు 10, పీచు 4, తేమ 10, బూడిద 8 అనుకుందాం. పిండి పదార్థం 36 వస్తుంది. 112, 85, 126 కలిపితే 323. అంటే 100 గ్రాములకి సుమారు 320 కేలరీలు. కొవ్వు 20 ఉన్న కిట్టెన్ ఫుడ్‌కి ఇదే లెక్క వేస్తే 370 దాటుతుంది. "మా పిల్లికి అదే ఇష్టం" అని పెద్ద పిల్లికి కూడా కిట్టెన్ ఫుడ్ పెడుతున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. అది మానేసి పెద్ద పిల్లుల ఫుడ్‌కి మారితేనే కొంత తేడా వస్తుంది. మార్చేటప్పుడు కొత్తది పాతదానిలో కొంచెం కొంచెం కలుపుతూ 7 నుంచి 10 రోజులు తీసుకోండి.

గిన్నె నిండా పోసి ఆఫీసుకి వెళ్ళిపోతాం. అలా చేయకూడదా?

కొన్ని పిల్లులు గిన్నె నిండుగా ఉన్నా కావాల్సినంతే తింటాయి. మీ పిల్లి లావైందంటే అది ఆ రకం కాదని తెలిసిపోయింది. ఇంటిపట్టున ఉండే పిల్లికి తోచకపోవడం కూడా ఆకలి లాంటిదే, గిన్నె కనిపిస్తే వెళ్ళి నాలుగు గింజలు నములుతుంది.

రోజు కోటాని మూడు నుంచి ఐదు పూటలు చేయండి. పిల్లి కడుపు చిన్నది, కొంచెం కొంచెంగా చాలాసార్లు తినడమే దాని స్వభావం. పొద్దున ఒకసారి, ఆఫీసు నుంచి వచ్చాక ఒకసారి, పడుకునే ముందు ఒకసారి సులభంగా కుదురుతుంది. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఎనిమిదికి వచ్చేవాళ్ళకి మధ్యాహ్నం పూట కోసం టైమర్ ఉన్న ఆటోమేటిక్ ఫీడర్ మంచి ఉపాయం. కొన్న కొత్తలో అది ఒక్కోసారి ఎన్ని గ్రాములు వదులుతోందో కాటా మీద చూసుకోండి, ఫుడ్ సైజును బట్టి మారుతుంది.

పెట్టిన తిండి అరగంట ఉంచి తీసేయండి. ఎప్పుడైనా తీయడం ఆలస్యమైనా, వెట్ ఫుడ్‌ని ఏప్రిల్ ఎండల్లో గంటకి మించి బయట ఉంచవద్దు.

వారానికి ఒక రోజు పస్తు ఉంచితే త్వరగా తగ్గుతుందా?

దయచేసి ఆ పని చేయవద్దు. మనుషులు ఏకాదశికి ఉపవాసం ఉంటారు, కుక్క ఒక పూట తినకపోయినా తట్టుకుంటుంది. పిల్లి ఒళ్ళు అలాంటిది కాదు. తిండి ఆగితే లావైన పిల్లి ఒంట్లోని కొవ్వు ఒక్కసారిగా కాలేయానికి చేరుతుంది. కాలేయం ఆ కొవ్వును కరిగించలేక దానితోనే నిండిపోయి పని ఆపేస్తుంది. రెండు మూడు రోజులు సరిగా తినకపోయినా ఇది మొదలు కావచ్చు, లావైన పిల్లుల్లోనే ఎక్కువ. వచ్చాక చాలా పిల్లులకి ట్యూబు వేసి వారాల తరబడి తిండి పట్టించాల్సి వస్తుంది. కొన్ని దక్కవు.

కొత్త ఫుడ్ నచ్చక తినకపోయినా ఇదే ప్రమాదం. "ఆకలేస్తే అదే తింటుందిలే" అని మొండికేయడం పిల్లుల దగ్గర పనికిరాదు. కొత్తది ముట్టకపోతే పాతదే పెట్టి, ఇంకా నెమ్మదిగా మార్చండి. ఇల్లు మారినప్పుడు, ఇంట్లో రిపేర్లు జరుగుతున్నప్పుడు, కొత్త మనుషులు వచ్చినప్పుడు భయంతో తిండి మానేస్తాయి. అలాంటి రోజుల్లో బరువు తగ్గించే కార్యక్రమం ఆపేసి, తినేది చూసుకోండి.

24 గంటలు ఏమీ తినకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి. చొంగ కారుతున్నా, వాంతులవుతున్నా, చెవుల లోపలి చర్మం, చిగుళ్ళు, కంటి తెలుపు పచ్చబడినా ఫోన్‌తో ఆగకుండా వెంటనే తీసుకెళ్ళండి.

మేం శాకాహారులం. పెరుగన్నం, పాలు పెడతాం. అయినా లావెలా అయింది?

అవి కూడా కేలరీలే కదండీ. టోన్డ్ పాలు 100 మిల్లీలీటర్లలో సుమారు 60 కేలరీలు, ఫుల్ క్రీమ్‌లో 85 పైన. ఒక చెంచా నెయ్యి 45. నాలుగు ముద్దల పెరుగన్నం 100 కేలరీలకి తక్కువ ఉండదు. 160 కేలరీల పిల్లికి ఒక చిన్న గిన్నెడు పాలు, సాయంత్రం నాలుగు ముద్దల పెరుగన్నం అయ్యేసరికి రోజు కోటా అయిపోయినట్టే, క్యాట్ ఫుడ్ లెక్కలోకి రాకముందే. పైగా పెద్దయ్యాక చాలా పిల్లులకి పాలు సరిగా అరగవు, విరేచనాలవుతాయి.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. పిల్లి మాంసాహారి. టారిన్ అనే పదార్థం దాని ఒంట్లో సరిపడా తయారు కాదు, అది మాంసం, చేపల్లోంచే రావాలి. చాలకపోతే కంటిచూపు పోవచ్చు, గుండె కండరం బలహీనపడి ప్రాణం పోవచ్చు. కూరగాయల్లోని కెరోటిన్‌ని విటమిన్ ఎ గా మార్చుకునే శక్తి కూడా పిల్లికి లేదు. పెరుగన్నం మీద బతికే పిల్లి ఒకపక్క లావుగా ఉంటూనే ఇంకోపక్క పోషణ లేక నీరసిస్తుంది.

ఇంట్లో మాంసం వండటం కుదరదు, అది మీ ఆచారం. టిన్నులో, ప్యాకెట్‌లో వచ్చే క్యాట్ ఫుడ్‌కి ఒక అల్మరా, ఒక గిన్నె, ఒక చెంచా విడిగా పెట్టుకోండి, బాల్కనీలో తినిపించండి. మడి పాటించే ఇళ్ళలో కూడా అలా సర్దుకుని పిల్లిని చక్కగా చూసుకుంటున్నవాళ్ళు ఉన్నారు. అది కూడా వీలుపడదు అనుకుంటే పిల్లిని తెచ్చుకోకముందే ఆలోచించుకోవాలి.

ఇంట్లో వండిన చికెన్, చేప పెట్టవచ్చా?

ఉప్పు, కారం, నూనె, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించింది కొంచెం పెట్టవచ్చు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి, కాబట్టి కూరలోంచి ముక్క కడిగి పెట్టడం కూడా వద్దు. తోలు తీసిన చికెన్ బ్రెస్ట్ ఉడికించాక 100 గ్రాములకి 160 కేలరీల దాకా ఉంటుంది, ఉడికించిన గుడ్డు ఒకటి 70 పైన. అది పెట్టిన రోజు డ్రై ఫుడ్ అంత మేరకు తగ్గాలి. పూర్తిగా చికెన్ మీదే నడిపితే కాల్షియం లాంటివి చాలవు. ఎండుచేపలు వద్దు, ఉప్పు ఎక్కువ. ఉడికించిన ఎముకలు అసలే వద్దు, గొంతులో గుచ్చుకుంటాయి.

డ్రై ఫుడ్ మంచిదా, వెట్ ఫుడ్ మంచిదా?

బరువు తగ్గడానికైతే నా ఓటు వెట్ ఫుడ్‌కే. అందులో 75 నుంచి 80 శాతం నీరే. పిల్లికి కడుపు నిండుతుంది, కేలరీలు తక్కువ వెళ్తాయి. డ్రై ఫుడ్‌లో నీరు 10 శాతమే. పిల్లులు మామూలుగానే నీళ్ళు తక్కువ తాగుతాయి. లావుగా ఉండి, ఇంట్లోనే ఉంటూ, డ్రై ఫుడ్ మీదే బతికే మగ పిల్లులకి మూత్రం దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. లిట్టర్ బాక్స్‌లో మళ్ళీ మళ్ళీ కూర్చుని ముక్కుతూ ఏమీ రాకపోతే అది అర్ధరాత్రైనా ఎమర్జెన్సీయే.

వెట్ ఫుడ్ ఖర్చు ఎక్కువ, నిజమే. రోజుకి ఒక పౌచ్, మిగిలింది డ్రై ఫుడ్ అనుకుంటే చాలామందికి సరిపోతుంది. పౌచ్‌లో ఇంకో రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళు కలిపితే ఇంకా మంచిది.

అమ్మానాన్న ఊరి నుంచి వచ్చి నెల ఉంటే పిల్లి బరువు మళ్ళీ పెరుగుతోంది. ఏం చేయాలి?

నాకు వచ్చే ప్రశ్నల్లో ఇదే ఎక్కువ, ఇదే కష్టమైనది కూడా. నెల్లూరు నుంచో విజయవాడ నుంచో వచ్చిన పెద్దవాళ్ళకి పగలంతా ఫ్లాట్‌లో తోడు ఆ పిల్లే. అది కాళ్ళ చుట్టూ తిరిగి మ్యావ్ అంటే "పాపం, నోరులేని జీవి, వీళ్ళు కడుపు మాడుస్తున్నారు" అనిపిస్తుంది. అన్నం పెట్టడమే ప్రేమగా బతికినవాళ్ళని "పెట్టకండి" అని ఆపలేం, ఆపకూడదు కూడా. అలా అంటే మీరు ఆఫీసుకి వెళ్ళాక పెడతారు.

పెట్టే పనే వాళ్ళకి అప్పగించండి. పొద్దున డబ్బాలో రోజు తిండి తూచి పోసి అత్తయ్య గారి చేతికో నాన్నగారి చేతికో ఇవ్వండి. "ఈ రోజంతా మీరే పెట్టాలి, అయితే ఈ డబ్బాలోదే" అని చెప్పండి. ఐదుసార్లు పెట్టినా పదిసార్లు పెట్టినా మొత్తం మారదు. పెద్దవాళ్ళకి తృప్తి, పిల్లికి మాటిమాటికీ పలకరింపు. ఈ పద్ధతి కుదిరినంత బాగా ఇంకేదీ కుదరడం నేను చూడలేదు. ఇంకా నచ్చజెప్పాలంటే పిల్లిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు వాళ్ళని కూడా తీసుకెళ్ళండి. మన మాట వినని నాన్నగారు డాక్టర్ మాట వింటారు.

పనికి వచ్చే ఆవిడ, వంటావిడ, ఎదురు ఫ్లాట్ పిల్లలు, రూమ్మేట్లు, వీళ్ళందరూ లెక్కలోకి వస్తారు. ఫ్రిజ్ మీద చిన్న కాగితం అంటించి, పెట్టినవాళ్ళు టిక్ కొట్టాలనే నియమం పెట్టండి. కన్నడం వాళ్ళైతే "ఊట ఆయ్తు" (తిండి అయిపోయింది) అని కన్నడంలో రాసి అంటించండి. "పిల్లికి ఏమీ పెట్టకండమ్మా, డాక్టర్ వద్దన్నారు" అని ఒకసారి నోటితో చెప్పడం ఇంకా మంచిది. కాగితం కంటే మర్యాదగా చెప్పిన మాటకి విలువ ఎక్కువ.

ట్రీట్లు పూర్తిగా మానేయాలా?

అక్కర్లేదు. రోజు కేలరీల్లో 10 శాతం దాటకూడదు. 160 కేలరీల పిల్లికి 16. తినే డ్రై ఫుడ్‌లోంచే నాలుగు గింజలు తీసి విసిరితే చాలా పిల్లులు దాన్నే ట్రీట్ అనుకుని పరుగెత్తుతాయి. చీజ్ స్లైస్ ఒకటి 60 కేలరీల దగ్గర ఉంటుంది, అది వద్దు.

తెల్లవారుజామున నాలుగింటికే లేపి అరుస్తోంది. పెట్టకపోతే నిద్ర లేదు.

లేచి పెట్టిన ప్రతిసారీ అరిస్తే తిండి వస్తుందని దానికి నేర్పుతున్నాం. వేకువజామున చురుగ్గా ఉండటం పిల్లి స్వభావం, దాన్ని మార్చలేం. తిండికీ మీరు లేవడానికీ ఉన్న ముడి మాత్రం విప్పవచ్చు. లేవగానే పెట్టకండి. ముందు మొహం కడుక్కుని, కాఫీ తాగి, తర్వాతే పెట్టండి. రోజు కోటాలో కొంత రాత్రి పడుకునే ముందుకి మార్చండి, దానికి ముందు పది నిమిషాలు తాడుతో ఆడించండి. ఆటోమేటిక్ ఫీడర్ ఉంటే ఐదింటికి పెట్టండి. అప్పుడు పిల్లి మిమ్మల్ని వదిలేసి దాని ముందు కూర్చుంటుంది.

మొదటి వారం పదిరోజులు అరుపులు ఇంకా పెరుగుతాయి. ఆ రోజుల్లో ఒక్కసారి లేచి పెట్టినా మొదటికొస్తుంది. గోడలు పల్చటి అపార్ట్‌మెంట్ అయితే పక్కవాళ్ళకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

రెండు పిల్లులున్నాయి. ఒకటి లావు, ఒకటి బక్క. ఎలా?

వేర్వేరు గదుల్లో, తలుపు వేసి, పూటకి 20 నిమిషాలు. అంతకంటే సులువైన దారి లేదు. బక్కదాని గిన్నె అల్మరా పైన పెట్టడం కొన్నాళ్ళు పనిచేస్తుంది. లావుది కాస్త తగ్గగానే అది కూడా ఎక్కేస్తుంది. మెడ దగ్గర చర్మం కింద వేయించిన మైక్రోచిప్‌ని గుర్తుపట్టి మూత తెరుచుకునే గిన్నెలు ఉన్నాయి, ఖరీదెక్కువ.

మా పిల్లి అపార్ట్‌మెంట్ అంతా తిరుగుతుంది, అందరూ పెడతారు.

బయట తినేది ఆపకుండా ఇంట్లో ఎంత తూచినా లాభం లేదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి, "దీనికి డాక్టర్ పత్యం పెట్టారు, దయచేసి ఏమీ పెట్టకండి" అని ఇంగ్లీషు, కన్నడం, హిందీల్లో రాయండి. అదే మాట మెడ పట్టీ మీద రాసినా మంచిదే, గట్టిగా లాగితే ఊడిపోయే రకం పట్టీ అయితేనే. సెక్యూరిటీ అన్నని కలిసి చెప్పడం మాత్రం మరవకండి, రాత్రిపూట పాలు పోసేది చాలాచోట్ల ఆయనే.

ఆడిస్తే తగ్గదా?

ఆట ఒక్కదానితో తగ్గదు, తిండి తగ్గాలి. కానీ ఆట కండ పోకుండా కాపాడుతుంది, తోచక తినడం తగ్గిస్తుంది. ఐదేసి నిమిషాలు రోజుకి రెండు మూడుసార్లు చాలు. గుడ్లు వచ్చే అట్ట ట్రే గుంటల్లో డ్రై ఫుడ్ గింజలు వేసి పెట్టండి, పంజాతో తీసుకుని తినడానికి దానికి పావుగంట పడుతుంది.

జీలకర్ర నీళ్ళు, గ్రీన్ టీ, బరువు తగ్గించే పొడులు?

ఏవీ వద్దు. మనుషుల మందులు అసలే వద్దు.

ఎంత వేగంగా తగ్గాలి? ఇంట్లో ఎలా తూచాలి?

వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం వరకు తగ్గితే బాగున్నట్టు. 6 కిలోల పిల్లికి 30 నుంచి 60 గ్రాములు. 2 శాతం దాటితే తిండి మరీ తగ్గిందని అర్థం, పెంచాలి. ఈ లెక్కన కిలోన్నర తగ్గడానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు పట్టవచ్చు. మామూలు బాత్రూమ్ కాటా 100 గ్రాముల తేడానే చూపిస్తుంది కాబట్టి వారం వారం మార్పు దాని మీద తెలియదు. పసిపిల్లల్ని తూచే కాటా దొరికితే మంచిది. లేకపోతే రెండు వారాలకొకసారి క్లినిక్‌లో తూచండి, ఎప్పుడూ ఒకే కాటా మీద. బుట్టలో కూర్చోబెట్టి తూచి, బుట్ట బరువు తీసేయవచ్చు.

నెల రోజులు బరువు కదలకపోతే ముందు ఇంట్లో మనుషుల్ని అడగండి, తర్వాత కాటాని చూడండి. రెండూ సరిగ్గా ఉంటే అప్పుడు 5 నుంచి 10 శాతం తగ్గించడం గురించి డాక్టర్‌తో మాట్లాడండి. ఏ ప్రయత్నం లేకుండానే వయసు మళ్ళిన పిల్లి బరువు తగ్గుతుంటే సంతోషించవద్దు. థైరాయిడ్, కిడ్నీ, షుగర్ పరీక్షలు చేయించండి.

అనుకున్న బరువుకి వచ్చాక?

తిండి ఒకేసారి పాత లెక్కకి పెంచవద్దు. 10 శాతం పెంచి రెండు వారాలు చూడండి. ఇంకా తగ్గుతుంటే మరో 10 శాతం. బరువు నిలిచిన చోట ఆ గ్రాములు డబ్బా మూత మీద రాసిపెట్టుకోండి. నెలకోసారి తూకం మాత్రం మానవద్దు, తూచే అలవాటు పోయిన ఇళ్ళలో బరువు తిరిగి వచ్చేస్తుంది.

సంక్రాంతికి ఊరెళ్తున్నాం, బోర్డింగ్‌లో వదలాలి. ఎలా చెప్పాలి?

ఎన్ని రోజులో అన్ని చిన్న కవర్లు తీసుకుని, ఒక్కోదానిలో ఒక రోజు తిండి తూచి, తేదీ రాసి ఇవ్వండి. రెండు కవర్లు ఎక్కువ పెట్టండి, తిరుగు ప్రయాణం బస్సులు ఆ రోజుల్లో ఆలస్యమే. కొత్త చోట పిల్లి తినకపోవడం మామూలు, కాబట్టి రోజూ మిగిలిన తిండికి ఫోటో పంపమని అడగండి. మొదటి రోజు సగం కూడా తినకపోతే దానికి ఇష్టమైన పౌచ్ తెరవమని, కేలరీలు పట్టించుకోవద్దని చెప్పి, మీ డాక్టర్ నంబరు వాళ్ళ దగ్గర ఉంచండి.